రెండవ సంతకం

హైదరాబాదు నగరంలో పంజాగుట్ట కూడలి తెలియనివారు అరుదు. పగలూ రాత్రీ వాహనాల రొద ఆగని ఆ చోటి పేరును విడదీసి చూచినవారు మాత్రం తక్కువ. పంజా అంటే అయిదు వేళ్లు చాచిన చేయి. అది పారశీకం నుంచి ఉర్దూలోకి వచ్చిన మాట. గుట్ట మన మాటే. ఆ పేరు ఎట్లా ఏర్పడినదన్న చర్చ అట్లా ఉంచి, పంజా అన్న పదానికి చరిత్రలో ఉన్న మరొక వాడుకను ఇక్కడ స్మరించుకోవడం అవసరం. మొగలు పాదుషాలు విలువైన మాట ఏదైనా ఇచ్చినప్పుడు ఫర్మానాపై తమ అరచేతి ముద్ర వేసేవారు. 1615లో మేవాడు రాణా అమరసింహునితో సంధి కుదిరినప్పుడు జహంగీరు పాదుషా పంపిన ఫర్మానాపై అటువంటి ముద్రే ఉన్నది. దానినీ పంజా అనే అన్నారు. వ్రాతను మరొకరు అనుకరింపవచ్చు, ముద్రికను దొంగిలింపవచ్చు. చేయి మాత్రం ఆ మనిషిదే. మాట ఇచ్చినవాడు ఆ మాటకు తానే సాక్షిగా నిలుస్తున్నాడని ఆ ముద్రకు అర్థం.

ఈ పంజాగుట్టకు కొద్ది దూరంలో, బంజారాహిల్సులో, 2022 సెప్టెంబరు 17న కుమ్రం భీము పేరిట ఆదివాసీ భవనం ప్రారంభమైనది. నిజాము ప్రభుత్వంతో పోరి ప్రాణం విడిచిన గోండు వీరునికి, ఒకనాటి నిజాము రాజధానిలోనే ఒక భవనం వెలసినది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని భవనం వేరు, మాట వేరు. మన ప్రభుత్వాలు ఆదివాసులకు ఇచ్చిన మాట ఏది? దానిపై ఎవరి చేయి పడినది? ఆ కాగితం మీద ఆదివాసి చేయికి చోటు ఎక్కడైనా ఉన్నదా? అడవిలో గనులు, నదిపై ఆనకట్టలు, పులులకు అభయారణ్యాలు అన్న ప్రతి సందర్భంలోనూ ఈ ప్రశ్న మరల మరల తల ఎత్తుతున్నది. కావున ప్రభుత్వాలు ఆదిమజాతులతో ఒప్పందాలు ఎందుకు చేసికొంటవో, ఎందుకు మానుకొంటవో కొంచెం నిదానంగా విచారింపవలసి ఉన్నది.

ఒప్పందం సమానుల మధ్య జరిగే పని అని లోకం అనుకొంటుంది. సైన్యం, పోలీసు, ఖజానా, న్యాయస్థానం అన్నీ తన చేతిలో ఉన్న ప్రభుత్వం, విల్లంబులు తప్ప వేరు బలం లేనివారి ఎదుట కూర్చుండి సంతకం ఎందుకు చేస్తుంది? చేయక తప్పని అవసరం ఏదో ఉండవలె. లోకచరిత్రను పరిశీలిస్తే అటువంటి అవసరాలు ప్రధానంగా మూడు కనిపిస్తవి.

మొదటిది బలహీనత. అమెరికా సంయుక్త రాష్ట్రాలు ఇంకా బ్రిటనుతో స్వాతంత్ర్య యుద్ధం చేస్తున్న కాలంలో, 1778లో, ఫోర్టు పిట్టు అన్న కోటలో డెలవేరు జాతివారితో ఒప్పందం వ్రాసుకొన్నవి. ఆ జాతి భూముల మీదుగా సేనలు నడపనిదే పశ్చిమాన బ్రిటిషువారిని ఎదుర్కొనే వీలు లేదు. అందుకని కొత్త ప్రభుత్వం ఆ జాతిని మిత్రరాజ్యంగా మన్నించినది. తరువాత వందలకొలది ఒప్పందాలు జరిగినవి. ఆ ప్రభుత్వం బలపడినది, రైలు దారులు పడినవి, వలస వచ్చిన జనం పెరిగినారు. 1871లో అమెరికా కాంగ్రెసు, ఇకమీదట ఏ ఆదిమజాతినీ ఒప్పందానికి తగిన స్వతంత్ర జాతిగా గుర్తింపబోమని శాసనం చేసినది. బలం లేనప్పుడు సంతకం పెట్టిన చేయి, బలం వచ్చిన పిమ్మట శాసనం వ్రాసినది.

రెండవ అవసరం హక్కుపత్రం. 1840 ఫిబ్రవరి 6న న్యూజిలాండులోని వైటాంగీలో బ్రిటిషు రాణి ప్రతినిధి మావోరీ నాయకులతో చేసికొన్న ఒప్పందం ఇందుకు ఉదాహరణం. ఆ దీవులపై ఫ్రెంచివారికీ కన్ను ఉన్నది. దొరికిన భూమినెల్లా కొంటున్న తమ దేశపు వర్తకులను అదుపు చేయవలసిన అవసరమూ ఉన్నది. ఇతర ఐరోపా రాజ్యాల ఎదుట ఈ దేశం మాదే అని చూపడానికి ఒక కాగితం కావలె. ఆ కాగితంపై ఆ నేల సొంతదారుల గుర్తులు ఉంటేనే దానికి విలువ. కొద్ది నెలలలో అయిదువందల మందికి పైగా నాయకులు దానిపై గుర్తులు వేశారు.

మూడవది యుద్ధపు ఖర్చు. 1868లో ఫోర్టు లారమీలో లకోటా జాతితో అమెరికా చేసికొన్న సంధి ప్రేమ వలన పుట్టినది కాదు. రెండేండ్ల పోరులో ఆ జాతిని లొంగదీయలేక, దారి పొడవునా కట్టిన కోటలను విడిచిపెట్టడానికి ప్రభుత్వం ఒప్పుకొన్నది. శాంతిని కాగితంతో కొనడం తుపాకితో కొనడం కంటె చవుక అని లెక్క తేలినప్పుడు ప్రభుత్వాలు కలం పట్టుకొంటవి.

ఇక రెండవ పక్షం. ఇన్ని మోసాలు చూచి కూడ ఆదిమజాతులు సంతకం ఎందుకు చేస్తవి? అమాయకులు గనుక చేసినారని కొందరు తేలికగా అంటారు. అది పొరపాటు. లారమీ సంధి జరిగిన సుమారు ఆరేండ్లకే, లకోటాలకు పవిత్రమైన నల్లకొండలలో బంగారం బయటపడినది. 1877లో ప్రభుత్వం ఆ కొండలను లాగుకొన్నది. సంధి భగ్నమైనది, కాని కాగితం మిగిలినది. ఆ కాగితం ఆధారంగా నడిచిన వ్యాజ్యంలో 1980లో ఆ దేశపు సుప్రీంకోర్టు, జరిగినది అన్యాయమే అని తీర్పు చెప్పి, పది కోట్ల డాలర్లకు పైగా నష్టపరిహారాన్ని ఖాయం చేసినది. లకోటాలు ఆ సొమ్ము ముట్టుకోలేదు. తమకు కొండలు కావలె కాని కాసులు కాదన్నారు. నూరేండ్లు దాటినా ఆ మాట అనగలిగినారంటే, తాతల నాడు పడిన సంతకమే అందుకు ఆధారం. తాను ఓడిపోవచ్చునని తెలిసినవాడు మనుమల కొరకు సాక్ష్యం వ్రాయించుకొంటాడు. ఆదివాసి సంతకంలోని వివేకం అది.

ఐతే కాగితం ఒక్కటే ఉన్నా మాట ఒక్కటే ఉంటుందన్న నమ్మకం లేదు. వైటాంగీ ఒప్పందం రెండు భాషలలో వ్రాయబడినది. ఆంగ్లంలో సార్వభౌమాధికారం అని ఉన్నచోట మావోరీ భాషలో పరిపాలన అన్న అర్థమిచ్చే మాట మాత్రమే ఉన్నది. పరిపాలనను అప్పగించి నేలపై పెత్తనం తమ వద్దనే ఉంచుకొన్నామని నాయకులు భావించినారు. సర్వాధికారం తమకు సంక్రమించినదని బ్రిటిషువారు భావించినారు. ఆ తగవులను విచారించడానికి 1975లో ప్రత్యేకంగా ఒక న్యాయమండలిని ఏర్పాటు చేయవలసి వచ్చినది.

ఇటువంటి కథ మన దేశంలోనూ ఉన్నది. దానిలో హైదరాబాదు పేరు కూడ వినిపిస్తుంది. నిజాము రాజ్యంలో ప్రధానిగా పనిచేసిన సర్ అక్బరు హైదరీ కుమారుడు, అదే పేరుగల మరొక అక్బరు హైదరీ, 1947లో అస్సాము గవర్నరుగా ఉండి, నాగాల ప్రతినిధులతో తొమ్మిది అంశాల ఒప్పందం కుదిర్చినాడు. పది సంవత్సరాల తరువాత ఈ ఒప్పందాన్ని పొడిగించడమో, నాగా ప్రజల భవిష్యత్తును గురించి కొత్త ఒప్పందం చేసికోవడమో జరుగవలెనని తొమ్మిదవ అంశం చెప్పినది. పదేండ్లు కాగానే తమ దారి తాము చూచుకొనే స్వేచ్ఛ అందులో ఉన్నదని నాగాలు అన్నారు. దేశంలో భాగంగా ఉంటూ పరిపాలన ఏర్పాట్లు మార్చుకొనడమే దాని భావమని ప్రభుత్వం అన్నది. ఒక్క వాక్యాన్ని ఇరువురు ఇట్లు రెండు విధాలుగా చదువుకొన్నారు. ఆ అర్థభేదం తరువాతి అశాంతికి ఒక మూలమైనది.

మన తెలుగు మన్యంలో జరిగినది ఇంతకంటె విచిత్రం. ఇక్కడ ఆదివాసితో ఒప్పందం చేసి భంగపరచినారని చెప్పడానికి కూడ వీలు లేదు. అతనిని ఒప్పందానికి పిలువనే లేదు. గోదావరికి ఉత్తరాన ఉన్న రంప దేశాన్నే చూడండి. అక్కడ మన్సబుదారు ఒకడు, అతని కింద ముఠాదారులు. 1848లో కుంఫిణీ ప్రభుత్వం కుదిర్చిన ఏర్పాటు ప్రకారం ముఠాదారులు కొత్త మన్సబుదారును అంగీకరించి, ఏటా వెయ్యి రూపాయలు చెల్లించడానికి ఒప్పుకొన్నారు. ఒప్పందంలో ఉన్నది సర్కారు, మన్సబుదారు, ముఠాదారులు. కొండమీద పోడు కొట్టుకొని, చెట్టు గీసుకొని బ్రతికే కొండరెడ్డికి, కోయకు అందులో చోటు లేదు. మన్సబుదారు క్రమంగా ముఠాలను మింగడం మొదలుపెట్టినాడు. ఇంటి వాడకం కొరకు తీసే కల్లుపై చిగురుపన్ను వేసినాడు. ఆ పైన సర్కారు ఆబ్కారీ చట్టం వచ్చి, కల్లు పాటదారుల చేతిలో పడినది.

మరొక సంగతి ఇక్కడ ముఖ్యం. మైదానం నుంచి వచ్చిన వర్తకులు కొండవారి చేత అప్పుపత్రాలు వ్రాయించుకొని, దూరాన ఉన్న కోర్టులలో దావాలు వేసి, ప్రతివాది లేకుండానే డిక్రీలు పొంది, పశువులను, ధాన్యాన్ని జప్తు చేసికొని పోయేవారు. అంటే కొండ మనిషి చేతి గుర్తు కాగితం మీద పడిన సందర్భం ఒక్కటే: అతని సొత్తు పోవడానికి. అతనిని కాపాడే కాగితంలో అతని గుర్తు లేదు. ముంచే కాగితంలో మాత్రం ఉన్నది. 1879లో రంప తిరుగుబాటు రగిలినప్పుడు ఈ రెండు రకాల కాగితాలే దానికి ఇంధనమైనవి. తిరుగుబాటును అణచిన పిమ్మట సర్కారు మన్సబును రద్దు చేసి ముఠాదారులకు నేరుగా సన్నదులు ఇచ్చినది. నేర్చుకొన్న పాఠం అంతవరకే. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కింద పోడుపై ఆంక్షలు, దారి పనులలో వెట్టి పెరిగిన ఫలితంగా 1922లో అల్లూరి శ్రీరామరాజు నాయకత్వాన మన్యం మరల లేచినది. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడులు చరిత్ర పాఠాలలో విద్యార్థులు చదువుకొన్నవే.

నిజాము రాజ్యంలోని గోండుల కథ కూడ ఇటువంటిదే. రక్షిత అరణ్యాల పేరిట తరతరాలుగా సాగు చేసికొంటున్న నేలల నుంచి వారిని తొలగించినారు. జోడేఘాటు, బాబేఝరి మొదలైన పన్నెండు గూడెముల పక్షాన కుమ్రం భీము నిలిచినాడు. ప్రచారంలో ఉన్న జీవితకథల ప్రకారం అధికారులు రాయబారం నడిపి పట్టాలు ఇస్తామన్నారు. భీము పట్టాలతో పాటు తమ ఊళ్లపై తమ పాలనను కూడ కోరినాడు. ఆ కోరికను రాజధాని వినలేదు. 1940లో జోడేఘాటు కొండమీద పోలీసు తుపాకులకు ఆయన బలియైనాడు. ఏటా ఆశ్వయుజ పున్నమినాడు గోండులు అక్కడ ఆయనను స్మరించుకొంటారు. కుదరబోయి కుదరక తప్పిపోయిన ఒప్పందానికి అది జ్ఞాపకచిహ్నమని కూడ అనవచ్చు.

భీము మరణించిన పిమ్మట ప్రభుత్వం కళ్లు తెరచినది. హైమండార్ఫు అన్న మానవశాస్త్రజ్ఞుని గోండుల మధ్యకు పంపినది. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం ఏర్పడినది. గోండి భాషలో వాచకాలు వెలువడినవి. 1940 దశకం ముగిసేనాటికి సుమారు 1,60,000 ఎకరాలకు పట్టాలు వచ్చినవి. గిరిజన ప్రాంతాల కొరకు 1356 ఫసలీలో ప్రత్యేక నిబంధన వెలువడినది. మన్యంలోనూ అంతే: 1839 నాటి ప్రత్యేక చట్టం కొండ ప్రాంతాలలో చెలరేగిన కలతల తరువాతనే వచ్చినది. అంటే మన దేశంలో ఒప్పందానికి బదులు చట్టం వచ్చినది. ముందు పోరాటం, వెనుక చట్టం, ఇదీ వరుస. ఆ చట్టాలు మంచివి కావని కాదు. లారమీలో పోరు తరువాత ఇరుపక్షాలు సంతకం చేసినవి. ఇక్కడ పోరు తరువాత ఒక పక్షమే వ్రాసి, ఒక పక్షమే సంతకం చేసి, రెండవ పక్షానికి చదివి వినిపించినది. తేడా అక్కడున్నది.

స్వతంత్ర భారత రాజ్యాంగం అయిదవ షెడ్యూలులో ఆదివాసులకు గొప్ప మాట ఇచ్చినది. వారి ప్రాంతాలలో శాంతి కొరకు, సుపరిపాలన కొరకు నిబంధనలు చేసే అధికారం గవర్నరుకు ఉన్నది. ఆ అధికారంతోనే ఆంధ్రప్రదేశ్‌లో 1959 నాటి మొదటి నిబంధన వచ్చినది. 1963లో అది తెలంగాణ ప్రాంతానికి విస్తరించినది. 1970లో చేసిన సవరణ దానికి పదును పెట్టినది. షెడ్యూలు ప్రాంతంలో గిరిజనేతరుని చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుని నుంచి వచ్చినదిగానే ముందు భావించవలె. కాదని నిరూపించే భారం ఆ గిరిజనేతరునిదే. 1988లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించినది. ఐనా కాగితంపై ఉన్న నేల కాళ్ల కిందికి రాలేదు. భూముల కొరకు సభ జరుపబోయిన గోండులపై 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసులు కాల్పులు జరిపినారు. సర్కారు లెక్కలో మృతులు పదమూడుగురు. మరుసటి సంవత్సరం హైమండార్ఫు ప్రకటించిన గ్రంథం, తాను చూచుచుండగా పట్టాలు పొందిన కుటుంబాలే ఆ భూములు ఎట్లా పోగొట్టుకొన్నవో వివరించినది.

ఒక పక్షమే ఇచ్చిన మాటకు ఉన్న లోపం ఉపాధ్యాయులకు మరింత దగ్గరి ఉదాహరణతో తెలుస్తుంది. షెడ్యూలు ప్రాంతాల పాఠశాలలలో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 సంవత్సరంలో మూడవ నంబరు ప్రభుత్వోత్తర్వు వెలువడినది. గూడెంలోని పిల్లవానికి తన భాష తెలిసిన పంతులు దొరకవలెనన్నది దాని సదుద్దేశం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దానిని కొట్టివేసినది. అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో కాపాడినా, నూటికి నూరు పాళ్లు ఒక వర్గానికే కేటాయించడం ఇతరులకు అన్యాయమని భావించినది. ఆ తీర్పులోని న్యాయాన్యాయాలు ఎట్లున్నా, ఒక ఉత్తర్వుతో వచ్చినది ఒక తీర్పుతో పోయినదన్నది వాస్తవం. 2025 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం ఆసిఫాబాదు జిల్లాలో సుమారు లక్షన్నర హెక్టార్లను పులుల రాకపోకల కొరకు కుమ్రం భీము పేరిట రక్షిత ప్రాంతంగా ప్రకటించినది. ఆదివాసులు వీధికెక్కినారు. జులైలో ఆ ఉత్తర్వును నిలిపివేసినది. ఆదివాసి భూమిపై పెత్తనం కోరిన వీరుని పేరుతోనే, ఆయన వారసులను సంప్రదింపక ఆ ఉత్తర్వు వచ్చినదన్న విమర్శ అప్పుడు వినవచ్చినది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. దానిని తోసివేయరాదు. ప్రజాస్వామ్యంలో ప్రభుత్వం తన పౌరులతోనే ఒప్పందం చేసికోవడం ఏమిటి? ఓటే పౌరుని సంతకం గదా? ఒక వర్గంతో సంధి వ్రాసుకొంటే దేశం ముక్కలు కాదా? ఈ ప్రశ్నలలో నిజం ఉన్నది. కాని ఓటు లెక్క తలల లెక్క. నూటికి పదిమందికి మించని వారి నేల, నీరు, అడవి విషయాన్ని తక్కిన తొంభైమంది ఓటుతో తేల్చితే అది లెక్కకు సరిపోవచ్చు, న్యాయానికి సరిపోదు. ఆస్ట్రేలియాలో మొదటి వలస దిగిన నాటి నుంచి ఆదిమజాతులతో ఒక్క ఒప్పందాన్నీ ప్రభుత్వాలు గుర్తింపలేదు. అట్టి దేశంలో కూడ విక్టోరియా రాష్ట్రపు శాసనసభ 2025లో ఒప్పంద చట్టాన్ని ఆమోదించినది. దానితో ఆ దేశం ముక్కలు కాలేదు.

అంతకంటె గంభీరమైన విషయం మరొకటి ఉన్నది. మన ప్రభుత్వం ఆదివాసులతో సంతకాలు చేయదని అనుకొనరాదు. చేస్తుంది. 1986లో మిజోలతో చేసినది, ఆ ఒప్పందం వలన మిజోరాంలో శాంతి నెలకొన్నది. 2003లోను, 2020లోను బోడోలతో చేసినది. 2015లో నాగాలతో మరొక పత్రంపై చేసినది. ఐతే వీరందరూ లేదా వీరిలో కొందరు ముందు ఆయుధం పట్టినవారు. దరఖాస్తు పెట్టుకొన్న కోయకు, సభలో తీర్మానం చేసిన కొండదొరకు, కోర్టుకు వెళ్లిన చెంచుకు అటువంటి బల్ల ఎదుట కుర్చీ దొరకలేదు. తుపాకి పట్టినవానితో ఒప్పందం, దండం పెట్టినవానికి ఉత్తర్వు అన్న పాఠాన్ని రాజ్యమే నేర్పితే, రేపటి తరానికి తరగతి గదిలో పౌరనీతిని ఏ ముఖంతో బోధించగలరు? ఈ వ్యాసంలోని అసలు చిక్కు ఇదే.

దీనికి పరిష్కారం మన చట్టాలలోనే బీజరూపంలో ఉన్నది. విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో బొర్రా పరిసరాల గనుల లీజులపై సమత అనే సంస్థ వేసిన వ్యాజ్యంలో, 1997 జులై 11న సుప్రీంకోర్టు ఒక చారిత్రాత్మక తీర్పు ఇచ్చినది. గిరిజనేతర వ్యక్తికి భూమి బదలాయింపరాదన్న నిబంధనలో వ్యక్తి అన్న మాటకు ప్రభుత్వం కూడ లోబడినదే అన్నది. అంటే మాట ఇచ్చినవాడు తానే ఆ మాటకు కట్టుబడవలె. అంతకు ముందటి సంవత్సరమే, 1996లో, షెడ్యూలు ప్రాంతాల పంచాయతీ చట్టం వచ్చి గ్రామసభకు గుర్తింపు ఇచ్చినది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆ సభ చేతిని బలపరచినది. ఆ రెండవ చట్టం పేరులోనే హక్కుల గుర్తింపు అన్న మాట ఉన్నది. ఇది దానం కాదు, గుర్తింపు. 2023 జూన్ 30న ఆసిఫాబాదులో ప్రారంభించి 1,51,146 మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచినప్పుడు, దానిని ప్రభుత్వపు దాతృత్వంగా పొగడినవారు ఈ తేడాను మరచినారు.

గ్రామసభ చేతికి ఎంత శక్తి ఉన్నదో పార్వతీపురానికి ఆవల ఒడిశాలోని నియమగిరి చూపినది. బాక్సైటు తవ్వకంపై గ్రామసభల అభిప్రాయం తీసికొనుడని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో ఆదేశించినది. పన్నెండు పల్లెలలో సభలు జరిగినవి. డోంగ్రియా కోందులు, వారి ఇరుగుపొరుగులు పన్నెండింటిలోను వద్దన్నారు. తవ్వకం ఆగినది. జోడేఘాటు చుట్టు ఉన్న పన్నెండు గూడెములకు 1940లో దొరకని బల్ల, నియమగిరిలోని పన్నెండు పల్లెలకు 2013లో దొరికినది. అక్కడ ఒక్క బాణమూ లేవలేదు, ఒక్క తూటా పేలలేదు.

కాని ఈ రెండవ సంతకం ఇంకా నిలద్రొక్కుకొనలేదు. పంచాయతీ చట్టం భూసేకరణ విషయంలో సంప్రదింపు అన్నదే కాని సమ్మతి అనలేదు. అటవీభూమిని మళ్లించే కేంద్ర అనుమతికి ముందే గ్రామసభ సమ్మతి ఉండవలెనన్న షరతును 2022 నాటి అటవీ నియమాలు సడలించినవి. పోలవరం కథ మన కళ్ల ఎదుటిదే. ఆ ఆనకట్టను గురించి 1980లో మూడు రాష్ట్రాల ప్రభుత్వాలు ఒప్పందం చేసికొన్నవి. నీటి వాటా, ముంపు మట్టం, ఖర్చు అన్నీ అందులో ఉన్నవి. లక్ష కుటుంబాలకు పైగా ఊళ్లు విడువవలసిన ఆ పథకంలో పెద్దభాగం కోయలు, కొండరెడ్లు. వారి చేయి ఆ ఒప్పందంలో లేదు. 2014లో ఏడు ముంపు మండలాలు ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి మారినప్పుడు కూడ నిర్ణయం ఢిల్లీలోనే జరిగినది. నదిని పంచుకొన్నవారు సంతకం చేసినారు. నదిలో మునిగేవారు చేయలేదు. పరిహారం చాలలేదన్న గోడు నేటికీ వినవస్తున్నదంటే, ఆ లోపానికి మూలం ఆ మొదటి కాగితంలోనే ఉన్నది.

ప్రభుత్వాలకు కూడ ఇది మేలు చేసే సంగతే. సమ్మతి లేకుండా వెలువడిన ఉత్తర్వు ఎంతకాలం నిలిచినది? విశాఖ మన్యంలో బాక్సైటు తవ్వకానికి 2015లో ఇచ్చిన ఉత్తర్వు ప్రతిఘటన వలన పని జరుగకుండానే 2019లో రద్దయినది. నల్లమలలో యురేనియం అన్వేషణపై చెంచుల పక్షాన ఆందోళన చెలరేగి, 2019లో తెలంగాణ శాసనసభే దానికి వ్యతిరేకంగా తీర్మానించవలసి వచ్చినది. ఇటువంటి వెనుకంజలకు అయ్యే ఖర్చు, ముందే గూడెం రచ్చబండ వద్ద కూర్చుండి అడగడానికి అయ్యే ఖర్చు కంటె ఎక్కువే. లోకంలో ప్రభుత్వాలు ఒప్పందాలు చేసికొన్న మూడు కారణాలలో ఏదీ ధర్మబుద్ధి కాకపోవచ్చు. లెక్క తెలిసిన ప్రభుత్వానికి ఆ లెక్కే చాలు.

కుమ్రం భీము పాఠం చెప్పే ఉపాధ్యాయుడు తుడుమునూ తుపాకినీ గురించి చెప్పి ఆపరాదు. భీము ముందు అడిగినది యుద్ధం కాదు, మాట. ఆ మాట కుదిరి ఉంటే పాఠ్యపుస్తకంలో ఒక వీరమరణం తగ్గి ఉండేది, ఒక ఒప్పందం చేరి ఉండేది. విద్యార్థులను ఒక చిన్న పనికి పురికొల్పవచ్చు: తమ మండలంలో ఏ పథకం పేరు విన్నా, దానిపై గ్రామసభ తీర్మానం ఉన్నదా, దానిని ఊరివారి భాషలో చదివి వినిపించినారా, ఎందరు వ్రేళ్లు వేసినారు అని అడిగి తెలిసికొనుమని. ఫర్మానా మీద పాదుషా చేయి ఒక్కటే ఉంటే ఆ రోజులలో చాలినది. ఇది పాదుషాల కాలం కాదు. గణతంత్రంలో రాజముద్ర పక్కన గూడెం మనిషి చేయి కూడ పడితేనే ఆ మాట పూర్తియైనట్లు.